చిరుచక్రం మోసే భారం

పందెపు కారు పరుగును చూసేవారి చూపు సాధారణంగా దాని వేగం మీద, వినేవారి చెవి దాని గర్జన మీద నిలుస్తాయి. ఆ వేగానికీ, ఆ గర్జనకూ మూలమైన ఇంజన్ గర్భంలో రూపాయి నాణెం కంటె చిన్నదైన ఒక ఉక్కు చక్రం ఉంటుంది. అది ఎవరి కంటా పడదు. ఎనిమిది సిలిండర్లు, పదహారు కవాటాలు గల అమెరికన్ ఇంజన్‌లో అటువంటి చక్రాలు పదహారు ఉంటాయి. ఒక్కొక్కటి వందల కిలోల బరువును మోస్తూ, నిమిషానికి వేలసార్లు తిరుగుతూ తన పని తాను చేసుకుపోతుంది. ఆ పదహారింటిలో ఒక్కటి అలసి ఆగిపోయిందా, లక్షలాది రూపాయలు వెచ్చించి కూర్చిన ఇంజన్ కొద్ది నిమిషాలలో పాత ఇనుముగా మారే ప్రమాదం ఉంది. ఈ చక్రాన్ని అడుగున ధరించిన భాగానికి రోలర్ లిఫ్టర్ అని పేరు.

ఈ లిఫ్టర్ విషయంలో ఒక వింత ఉంది. పందెపు బాటలో నిమిషానికి ఏడెనిమిది వేల భ్రమణాల వేగాన్ని తట్టుకొని నిలిచిన లిఫ్టరే, ఊరి వీధిలో ఎర్రదీపం దగ్గర గురగురలాడుతూ ఆగి ఉన్న కారులో ప్రాణాన్ని పోగొట్టుకొంటుంది. ఉరుకులో చావనిది నిలకడలో ఎందుకు చస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే యంత్రభాగాల మన్నికను గురించిన ఒక మూలసత్యం కూడ తెలుస్తుంది.

కవాటాల కదలిక

ఇంజన్ కూడ మనిషివలెనే ఊపిరి పీల్చి వదులుతుంది. గాలి, ఇంధనాల మిశ్రమాన్ని లోపలికి రానిచ్చేది ఒక కవాటం. కాలిన పొగను వెలుపలికి పంపేది మరొక కవాటం. కవాటమంటే తలుపు. పేరుకు తగినట్లు అది తెరుచుకోవలసిన క్షణంలో తెరుచుకోవాలి, మూసుకోవలసిన క్షణంలో మూసుకోవాలి. ఈ తలుపులను తెరిచే అధికారం కామ్‌షాఫ్ట్ అనే కడ్డీది. దాని పొడవునా గుడ్డు ఆకారంలో ఉబ్బులు ఉంటాయి. కడ్డీ తిరిగినప్పుడు ఉబ్బు తన మీద ఆనిన లిఫ్టర్‌ను పైకి ఎత్తుతుంది. లిఫ్టర్ అనే మాటకు అర్థమే ఎత్తేది అని. మన మెకానిక్కుల వాడుకలో దీనికి ట్యాపెట్ అని మరొక పేరు. లిఫ్టర్ పైకి లేచి ఒక సన్నని కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ రాకర్ అనే మీట యొక్క ఒక కొనను ఎత్తుతుంది. ఏతం ఒక వైపు లేస్తే రెండవ వైపు దిగినట్లు, రాకర్ రెండవ కొన కిందికి దిగి కవాటాన్ని తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే బలమైన స్ప్రింగు కవాటాన్ని తిరిగి మూస్తుంది. స్ప్రింగుకు ఇంకొక పని కూడ ఉంది. లిఫ్టర్ ఎగిరిపోకుండ ఉబ్బును అంటిపెట్టుకొని ఉండేటట్లు చేసేది కూడ అదే.

ఈ తతంగమంతా ఎంత వేగంగా జరుగుతుందో ఊహించడం కష్టం. క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒకసారి తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 7000 భ్రమణాల వేగంతో నడుస్తున్నప్పుడు ఒక్కొక్క కవాటం నిమిషానికి 3500 సార్లు, అంటే సెకనుకు సుమారు 58 సార్లు తెరుచుకొని మూసుకొంటుంది. ఒకసారి తెరుచుకొని మూసుకోవడానికి దానికి దొరికే సమయం సుమారు 7 మిల్లీసెకన్లు. కనురెప్పపాటులో అటువంటి తెరపులు ఎన్నో ముగిసిపోతాయి.

మూడు తీరుల లిఫ్టర్లు

తొలినాటి లిఫ్టర్లకు అడుగు చదునుగా ఉండేది. చదును అడుగు ఉబ్బు మీద జారుతుంది, చక్రంవలె దొర్లదు. జారే చోట ఘర్షణ అధికం. అంతేకాక ఉబ్బు ఎంత వేగంగా లిఫ్టర్‌ను ఎత్తగలదో నిర్ణయించేది ఆ అడుగు వ్యాసమే. ఉబ్బు మరీ నిటారుగా ఉంటే దాని స్పర్శ అడుగు అంచును దాటిపోతుంది. షెవ్రొలే వారు 1955లో విడుదల చేసిన ప్రసిద్ధమైన చిన్న వి-8 ఇంజన్‌లో లిఫ్టర్ వ్యాసం 0.842 అంగుళం. కవాటాన్ని ఇంకా త్వరగా, ఇంకా ఎత్తుగా తెరవాలని కోరినవారికి ఆ కొలత ఒక గోడవలె అడ్డు నిలిచింది.

ఆ గోడను దాటించినది చక్రం. లిఫ్టర్ అడుగున చక్రాన్ని అమర్చితే జారుడు పోయి దొర్లుడు వస్తుంది; నిటారైన ఉబ్బును కూడ చక్రం ఎక్కి దిగగలదు. ఈ ఊహ పూర్తిగా కొత్తది కాదు. హార్లీ-డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లలోను, చుట్టూ సిలిండర్లు గల విమాన ఇంజన్లలోను చక్రాల ట్యాపెట్లు అంతకు ముందే ఉన్నాయి. కాలిఫోర్నియాకు చెందిన చెట్ హెర్బర్ట్ అనే యువకుడు మోటారు సైకిలులో చూసిన ఆ పద్ధతిని 1950 ప్రాంతంలో పందెపు కార్ల ఇంజన్లకు తెచ్చాడు. పోలియో వ్యాధివల్ల నడక కోల్పోయి చక్రాల కుర్చీని ఆశ్రయించిన ఆ మనిషి 2009లో మరణించేవరకు పందెపు లోకంలో కామ్‌షాఫ్ట్‌ల నిర్మాతగా గౌరవం పొందాడు.

చక్రాల లిఫ్టర్లలో రెండు రకాలున్నాయి. మొదటిది హైడ్రాలిక్ రోలర్. దాని లోపల నూనెతో నిండిన చిన్న ముషలకం ఉండి, భాగాల నడుమ ఏర్పడే సందును ఎప్పటికప్పుడు పూరిస్తుంది. అది నిశ్శబ్దంగా పని చేస్తుంది. యజమాని సందును సరిచూడవలసిన పని ఉండదు. 1985లో ఫోర్డ్ మస్టాంగ్ కారు 5 లీటర్ల ఇంజన్‌లోను, 1987లో షెవ్రొలే చిన్న వి-8లోను ఇది ఇంటివాడుక కార్లకు వచ్చింది. రెండవది సాలిడ్ రోలర్. దాని లోపల మెత్తదనమేమీ లేదు. అంతా గట్టి ఉక్కు. అధిక వేగంలో ఇది ఉబ్బు ఆజ్ఞను పొల్లుపోకుండ కవాటానికి చేరుస్తుంది. కాని ఆ కచ్చితత్వానికి చెల్లించే మూల్యం మన్నిక.

అమెరికాలోని నాస్కార్ పందేల ప్రధాన శ్రేణిలో నియమాల ప్రకారం 2014 వరకు చదును అడుగు లిఫ్టర్లే వాడారు. 2015లో గాని రోలర్ లిఫ్టర్లకు అనుమతి రాలేదు. కనుక రోలర్ లేకపోతే వేగమే లేదని భావించడం సరికాదు. రోలర్ కొత్త అవకాశాన్ని ఇస్తుంది. దానితోపాటు కొత్త బాధ్యతను కూడ నెత్తిన పెడుతుంది.

భారం లెక్క

ఆ బాధ్యత ఎంతటిదో చిన్న లెక్క ద్వారా తెలుసుకోవచ్చు. వీధిలోను, వారాంతపు పందెంలోను నడిచే ఒక పెద్ద వి-8 ఇంజన్‌ను తీసుకొందాం. కవాటం మూసి ఉన్నప్పుడు స్ప్రింగు బలం 200 పౌన్లు, పూర్తిగా తెరిచినప్పుడు 600 పౌన్లు అనుకొందాం. ఇటువంటి ఇంజన్లకు ఇవి సామాన్యమైన కొలతలే. షెవ్రొలే పెద్ద వి-8లో రాకర్ నిష్పత్తి 1.7. అంటే లిఫ్టర్ ఒక అంగుళం కదిలితే కవాటం 1.7 అంగుళాలు కదులుతుంది. మీట నియమం ప్రకారం దూరంలో పొందిన లాభాన్ని బలంలో తిరిగి చెల్లించాలి. కవాటం దగ్గర 600 పౌన్లుగా ఉన్న బలం లిఫ్టర్ దగ్గర 1020 పౌన్లు అవుతుంది. అది సుమారు 460 కిలోలు. అంటే నాలుగున్నర క్వింటాళ్ల పైబడిన బరువు ముప్పాతిక అంగుళం వ్యాసం గల చక్రం మీద పడుతుందన్నమాట. ఇది స్ప్రింగు బలం మాత్రమే. అన్ని భాగాలనూ క్షణంలో వేగానికి తెచ్చి, మరుక్షణంలో ఆపడానికి కావలసిన బలం దీనికి అదనం.

ఈ భారాన్ని చక్రం ఒంటరిగా మోయదు. చక్రానికీ, దాని ఇరుసుకూ నడుమ సూదులవంటి సన్నని ఉక్కు కడ్డీలు వలయంగా పేర్చి ఉంటాయి. వీటినే నీడిల్ బేరింగ్ అంటారు. వీటి తయారీకి సాధారణంగా ఒక శాతం కర్బనం, ఒకటిన్నర శాతం క్రోమియం కలిసిన బేరింగ్ ఉక్కును వాడుతారు. చక్రం మీది భారమంతా ఏ క్షణంలోనైనా ఇరుసుకు ఒక వైపున ఉన్న కొద్ది సూదుల మీద పడుతుంది. సూది ఇరుసును తాకే చోటు ఒక సన్నని గీత మాత్రమే. నాలుగున్నర క్వింటాళ్లను మోసేవి ఆ గీతలే.

అంత గట్టి ఉక్కు ఒక్క దెబ్బకు విరగదు. కాని అది అలసిపోతుంది. ఇనుప తీగను ఒకసారి వంచితే తెగదు. అదే చోట పదే పదే వంచితే తెగుతుంది. అట్లే సూదులు దొర్లిన ప్రతిసారీ ఉక్కు పైపొర కింద ఒత్తిడి పుట్టి పోతుంటుంది. కొన్ని లక్షల సార్ల తరువాత అక్కడ కంటికి కనబడని చీలిక పుడుతుంది. అది పెరిగి పెరిగి పైకి వచ్చినప్పుడు చిన్న రేకువలె ఉక్కు ఊడి గుంట పడుతుంది. స్వీడన్ దేశంలో లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ అనే పరిశోధకులు 1947లోను, 1952లోను ప్రచురించిన సిద్ధాంతం బేరింగుల ఈ అలసటకు లెక్క కట్టింది. దాని ప్రకారం రోలర్ బేరింగ్ మీద భారం రెట్టింపయితే ఆయుష్షు సగానికి కాదు, సుమారు పదోవంతుకు పడిపోతుంది. భారం పదోవంతు పెరిగినా ఆయుష్షులో నాలుగోవంతుకు పైగా తరిగిపోతుంది. ఇంకొంచెం గట్టి స్ప్రింగు వేస్తే మంచిదే కదా అనుకొనేవారు ఈ లెక్కను ఒకసారి చూడవలసి ఉంటుంది.

పందెం వేరు, ప్రయాణం వేరు

భారం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎన్నిసార్లు అన్నది మరొక ప్రశ్న. రెండవ ప్రశ్న దగ్గరే చాలమంది పొరపడతారు.

అమెరికాలో పావు మైలు డ్రాగ్ పందేలలో ప్రో స్టాక్ అనే శ్రేణి ఉంది. 2016 నుండి ఆ శ్రేణి ఇంజన్ల వేగాన్ని నిమిషానికి 10,500 భ్రమణాలకు పరిమితం చేశారు. పందెం సుమారు ఆరున్నర సెకన్లలో ముగుస్తుంది. ఆ పరుగంతా గరిష్ఠ వేగంతోనే సాగిందనుకొన్నా ఒక కవాటం తెరుచుకొనేది 570 సార్లు. పరుగుకు ముందు టైర్లను వేడెక్కించే సమయాన్ని కలిపినా ఆ సంఖ్య కొద్ది వేలకు మించదు. ఆ తరువాత ఇంజన్ పనివారి చేతికి వస్తుంది. వారు ప్రతి భాగాన్నీ పరిశీలిస్తారు. అనుమానం కలిగిన దానిని తీసివేస్తారు. 500 మైళ్ల నాస్కార్ పందెంలో ఇంజన్ సుమారు 9000 భ్రమణాల వేగంతో మూడున్నర గంటలు నడిస్తే కవాటం 9 లక్షల 45 వేల సార్లు తెరుచుకొంటుంది. ఒకప్పుడు ఆ ఇంజన్‌ను కూడ పందెం ముగియగానే విప్పేవారు.

ఇక వీధిలో తిరిగే కారును చూద్దాం. అది 2500 భ్రమణాల సాధారణ వేగంతో నడిచినా గంటకు 75 వేల సార్లు కవాటం తెరుచుకొంటుంది. నూరు గంటలు తిరిగితే 75 లక్షలు. నూరు గంటలంటే వీధికారుకు ఎనిమిదివేల కిలోమీటర్ల ప్రయాణం. ఒక ఏడాది తిరుగుడు. ఆ ఏడాది పొడవునా దానిని విప్పి చూసేవారు ఎవరూ ఉండరు. పందెపు కారులో నిలిచిన లిఫ్టర్ నా కారులో ఎందుకు నిలవలేదని వాపోయే యజమాని, అక్కడ అది మోసిన పనిని సెకన్లలోను, ఇక్కడ మోసిన పనిని నెలలలోను కొలవాలని గ్రహించడు. పందెపు లిఫ్టర్ బలమైనదే కావచ్చు. కాని దానిని బతికించినది బలం కంటె తరచుగా జరిగిన పరీక్ష.

నూనె అందని నిలకడ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. ఎర్రదీపం దగ్గర ఆగిన కారులో లిఫ్టర్‌కు వచ్చే ఆపద ఏమిటి?

ఈ రకం అమెరికన్ ఇంజన్లలో కామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. దాని ఉబ్బులకూ, లిఫ్టర్ చక్రాలకూ నూనె ప్రధానంగా చిందుల రూపంలో చేరుతుంది. వేగంగా తిరిగే క్రాంక్‌షాఫ్ట్ తన కీళ్ల నుండి కారే నూనెను నలుదిక్కులకూ చిమ్ముతుంది. ఆ తుంపరలో చక్రాలు తడుస్తాయి. వేగం ఎంత ఎక్కువగా ఉంటే తుంపర అంత దట్టంగా ఉంటుంది. నిలకడలో, అంటే 700, 800 భ్రమణాల వద్ద, తుంపర దాదాపు ఆగిపోతుంది. కాని స్ప్రింగు బలం మాత్రం తగ్గదు. నిలకడలోనైనా, పరుగులోనైనా 600 పౌన్లు 600 పౌన్లే. పైగా పరుగులో ఉబ్బు శిఖరం మీద భాగాల సొంత వేగబలం స్ప్రింగు భారాన్ని కొంత తగ్గిస్తుంది. నిలకడలో ఆ సడలింపు కూడ లేదు. మోయవలసిన బరువు పూర్తిగా ఉండి, తడపవలసిన నూనె లేకపోవడం, ఇదే నిలకడలోని ఆపద. పరుగులో గర్జన వినిపిస్తుంది కనుక అక్కడే ప్రమాదముందని మనిషి భ్రమిస్తాడు. నిజానికి ప్రమాదం సద్దులేని చోట పొంచి ఉంటుంది.

పందెపు ఇంజన్ల నిర్మాణంలోని కొన్ని ఆచారాలు ఈ కొరతను ఇంకా పెంచుతాయి. క్రాంక్‌షాఫ్ట్‌కు నూనె తగిలి వేగం తగ్గకుండ అడ్డుపళ్లాలు అమర్చుతారు. ఇంజన్ పైభాగానికి పోయే నూనెను తగ్గించడానికి దారిలో సన్నని రంధ్రాల బిళ్లలు పెడతారు. పరుగు కొద్ది సెకన్లే గనుక అక్కడ ఇవి చెల్లుతాయి. వాటినే ఆలోచన లేకుండ వీధికారుకు తెచ్చినప్పుడు చక్రాల నోటి దగ్గరి తడిని తీసివేసినట్లవుతుంది.

నూనె విలువ తెలుగు పల్లెకు కొత్తగా చెప్పనక్కరలేదు. బండి కట్టేముందు ఇరుసుకు ఆముదపు కందెన పట్టించడం రైతు మరిచిపోని పని. తొలినాటి పందెపు కార్లకూ, విమానాలకూ ఆముదమే కందెనగా ఉండేది. 1909లో వచ్చిన కాస్ట్రాల్ అనే నూనె పేరు ఆంగ్లేయులు ఆముదాన్ని పిలిచే క్యాస్టర్ అనే మాట నుండి పుట్టినదే. మన భౌతికశాస్త్ర గ్రంథాలు కందెనను స్నేహకం అంటాయి. సంస్కృతంలో స్నేహమనే మాటకు నూనె అని, చెలిమి అని రెండర్థాలు. రెండు గట్టి వస్తువులు ఒకదానినొకటి ఒరుసుకొని నశించకుండ నడుమ నిలిచేది స్నేహమే.

సందు, స్ప్రింగు

సాలిడ్ లిఫ్టర్‌లో నూనెతో నిండిన ముషలకం లేదు కనుక భాగాల నడుమ కొంత సందు విడిచిపెట్టక తప్పదు. వేడికి లోహాలు వ్యాకోచిస్తాయి. సందు లేకపోతే కవాటం పూర్తిగా మూసుకోదు. మన మెకానిక్ షెడ్లలో ఫీలర్ గేజ్ పెట్టి ట్యాపెట్ సెట్టింగ్ చేసేది ఈ సందునే. సాలిడ్ రోలర్ ఇంజన్లలో అది తరచు అంగుళంలో వెయ్యింట 16 నుండి 20 వంతులు ఉంటుంది. అంటే సుమారు అర మిల్లీమీటరు. అల్యూమినియం ఇనుము కంటె దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది గనుక అల్యూమినియం హెడ్లు గల ఇంజన్‌లో వేడెక్కిన తరువాత సందు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిచేసేవారు ఆ పెరుగుదలను ముందే లెక్కించుకోవాలి.

ఈ సందు ఉన్నందువల్ల కవాటం మూసి ఉన్న కాలమంతా చక్రం మీద బరువు ఉండదు. ఉబ్బు మొదలుకాగానే సందు మూసుకొని, బరువంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అది సుత్తిదెబ్బవంటిది. మంచి కామ్‌షాఫ్ట్‌లో ఉబ్బు మొదట్లో ఒక మెత్తని వాలు ఉండి ఆ దెబ్బను తగ్గిస్తుంది. సందు వదులైతే చక్రం ఆ వాలును తప్పిపోయి నిటారైన చోటనే బరువును అందుకొంటుంది. అప్పుడు దెబ్బ బలంగా తగులుతుంది. దానిని భరించేవి ఆ సన్నని సూదులే.

ఈ కథ వింటే స్ప్రింగు బలాన్ని బాగా తగ్గిస్తే చాలునని తోచవచ్చు. అది ఇంకా పెద్ద పొరపాటు. స్ప్రింగు బలహీనమైతే అధిక వేగంలో లిఫ్టర్ ఉబ్బును వదిలి గాలిలోకి లేస్తుంది. తిరిగి వచ్చి పడినప్పుడు తగిలే దెబ్బ మామూలు భారం కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. గట్టి స్ప్రింగు సూదులను కాలక్రమంలో అలసింపజేస్తే, వదులు స్ప్రింగు వాటిని కొట్టి చంపుతుంది. పైగా కొత్తగా ఉన్నప్పుడు సరిపోయిన స్ప్రింగు వాడుకలో బలాన్ని కోల్పోతుంది. చాల సందర్భాలలో చనిపోయినది లిఫ్టరే అయినా నేరం చేసినది స్ప్రింగు. ముద్దాయి ఒకరు, శిక్ష పడినది మరొకరికి.

ఒక సూది జారితే

సూదులలో ఒకటి గుంట పడి విరిగిందంటే తక్కినవి వరుస తప్పుతాయి. చక్రం వదులై ఒరిగి తిరుగుతుంది లేదా బిగుసుకొని ఆగిపోతుంది. దొర్లవలసిన చక్రం ఈడ్చుకొనిపోతుంటే కామ్‌షాఫ్ట్ ఉబ్బు నలిగి అరిగిపోతుంది. విరిగిన సూదుల ముక్కలు, అరిగిన ఉక్కు పొడి నూనెలో కలుస్తాయి. అవి నూనె పంపు నోట పడి దానిని చెరుపుతాయి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగులలో చొరబడి వాటిని గీరుతాయి. పక్కపక్కన ఉన్న రెండు లిఫ్టర్లను తిరిగిపోకుండ పట్టి ఉంచే అడ్డకడ్డీ విరిగితే లిఫ్టర్ తన గూటిలో అడ్డం తిరిగి గూటినే పగులగొట్టవచ్చు. ఒక చిన్న బేరింగ్ వెల ఎంతో, అది తెచ్చిపెట్టిన నష్టం ఎంతో పోల్చిచూస్తే చిన్నదానిని చిన్నచూపు చూడరాదన్న మాటకు అర్థం తెలుస్తుంది.

మన్నికకు మార్గాలు

ఈ అనుభవాల నుండి నిర్మాతలు అనేక మార్గాలు కనుగొన్నారు. మొదటిది నూనెను చిందులకు వదిలిపెట్టక, లిఫ్టర్ దేహంలో సన్నని రంధ్రం ద్వారా సూదుల దగ్గరికే ఒత్తిడితో పంపడం. నిలకడలో కూడ నూనె అందుతుంది గనుక వీధికారుకు ఇది అత్యంత ముఖ్యమైన మార్పు. రెండవది సూదులనే తొలగించి వాటి స్థానంలో బుష్ అమర్చడం. అప్పుడు భారం సన్నని గీతల మీద గాక వెడల్పయిన వైశాల్యం మీద పరుచుకొంటుంది. విరిగి చెల్లాచెదరయ్యే ముక్కలు ఉండవు. అయితే బుష్‌కు ఒత్తిడితో వచ్చే నూనె తప్పనిసరి. అది లేకపోతే బుష్ త్వరగా పట్టేస్తుంది. మూడవది చక్రం వ్యాసాన్ని పెంచడం. పెద్ద చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. లోపల లావైన ఇరుసుకు, లావైన సూదులకు చోటు దొరుకుతుంది. నాలుగవది లిఫ్టర్ గూటిని సరిచేయడం. నిటారైన ఉబ్బు చక్రాన్ని పైకే గాక పక్కకు కూడ నెడుతుంది. గూడు వదులుగానో, వంకరగానో ఉంటే చక్రం ఒక అంచు మీదనే బరువు మోస్తుంది. అందువల్ల గూటిని కొత్తగా తొలిచి, కంచు బుష్ దిగగొట్టి, నిటారుగా నిలబెడతారు.

అయిదవ మార్గానికి ఖర్చు లేదు, కావలసినది వివేకం. కారు ఏ పనికో నిర్ణయించుకొని ఆ పనికి తగిన కామ్‌షాఫ్ట్‌ను ఎంచుకోవడమే అది. నిత్యం తిరిగే కారుకు హైడ్రాలిక్ రోలర్ చాలు. వారానికొకసారి పందెపు బాటకు, తక్కిన రోజులలో వీధికి పోయే కారుకు మెత్తని వాలు గల ఉబ్బులు, అవసరమైనంత బలమే గల స్ప్రింగులు తగినవి. మిగిలిన పది, ఇరవై అశ్వసామర్థ్యాల కోసం పందెపు ఉబ్బులను వీధికి తెచ్చినవారు ఆ లాభాన్ని లిఫ్టర్ ఆయుష్షుతో చెల్లిస్తారు.

ఎంత మంచి భాగమైనా పరీక్ష లేనిదే నిలవదు. అనుభవజ్ఞులైన పనివారు ప్రతి కవాటం దగ్గరి సందును కొలిచి పుస్తకంలో రాసుకొంటారు. పదహారింటిలో పదిహేను మారక, ఒక్కదాని సందు మాత్రం హఠాత్తుగా పెరిగితే అక్కడ ఏదో అరుగుతున్నదని అర్థం. దానిని సరిచేసి ఊరుకొంటే రోగిని వదిలి జ్వరమానిని దిద్దినట్లవుతుంది; వెంటనే లిఫ్టర్‌ను బయటికి తీసి చూడాలి. చక్రాన్ని వేలితో తిప్పితే గరుకు తగలరాదు. పైకి కిందికి కదిపితే వదులు కనబడరాదు. నూనె ఫిల్టరును కోసి పొరలను విప్పి మెరిసే ఉక్కు రజను ఉన్నదా అని చూడాలి. స్ప్రింగుల బలాన్ని అప్పుడప్పుడు కొలవాలి. చల్లని ఇంజన్‌ను ఒక్కసారిగా ఉరికించరాదు. ఎక్కువసేపు నిలకడలోనూ ఉంచరాదు. నిలకడ వేగాన్ని వేయి భ్రమణాలకు పైన పెట్టుకోవడం మేలు. కొంతకాలం వాడిన లిఫ్టర్లను అవి చెడకముందే తీసి, తయారీదారు దగ్గర సూదులు, ఇరుసులు, చక్రాలు మార్పించుకోవడం ఉత్తమం.

దీర్ఘాయువు అనేది వస్తువు గట్టితనంలో మాత్రమే ఉండదు. దాని మీద పెట్టిన భారం, దానికి అందిన స్నేహం, దాని చుట్టూ విడిచిన సందు, దానిని ఎప్పటికప్పుడు పలకరించే మనిషి, ఈ నాలుగూ కలిసి దాని ఆయువును నిర్ణయిస్తాయి. ఉక్కు ఎంత గొప్పదైనా నూనె చుక్క అందని చోట ఓడిపోతుంది. రోలర్ లిఫ్టర్ తన బాధను కేకవేసి చెప్పదు; అంగుళంలో వెయ్యింట రెండు మూడు వంతుల మార్పుగా చెబుతుంది. ఆ చిన్న అంకెను చదవగలిగినవాని ఇంజన్ బతుకుతుంది. గర్జనను మాత్రమే వినేవానికి ఆ కబురు అందేసరికి చక్రం ఆగిపోయి ఉంటుంది.